షాకులు బరువు మొయ్యవండీ బాబూ

ఎడిటర్ గారికి నమస్కారాలు.

మీ జిల్లా పేజీలో గుంతల రోడ్ల ఫొటోలు వేస్తూనే ఉన్నారు. మంచిదే. వేయబట్టే అప్పుడప్పుడూ ఎవరో వచ్చి రెండు ట్రాక్టర్ల కంకర పోసి వెళ్తున్నారు. కానీ ఆ గుంతల్లో పడి లేచిన బండ్ల గతి ఏమవుతోందో, వాటిని బాగు చేయించుకోవడానికి వెళ్లి మాలాంటివాళ్లం ఎలా బోల్తా పడుతున్నామో ఎక్కడా రావడం లేదు. అందుకని నా బండి షాక్ అబ్జార్బర్ల విషయంలో నాకు జరిగింది నేనే రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి, ఏమీ అనుకోను. కమాను (చక్రాల దగ్గర ఉండే ఇనప పట్టీల స్ప్రింగు కట్ట) గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

మాది కొత్తపేట మండలం. లంక తోటల నుంచి రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలు తోలడం నా పని. గెలలు లేని రోజుల్లో అంబాజీపేటకి కొబ్బరికాయలు, కడియం నర్సరీల నుంచి మొక్కలు, ఏ కిరాయి దొరికితే అది. బండి 2008 మోడల్ పికప్. కొత్తగా కొన్నది కాదు, ఆరేళ్ల కిందట చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. మొదటి యజమాని భీమవరం వైపు చెరువుల నుంచి రొయ్యలు తోలేవాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పోయిన కార్తీక మాసంలో మొదలైంది గొడవ. గెలకి రేటు పలికే రోజులు. తెల్లవారుజామున నూట పది చక్కెరకేళి గెలలు, కింద ఎండాకు పరిచి, మధ్యమధ్య కూడా ఆకు కుక్కి ఎక్కించాం. యార్డులో దింపాక వ్యాపారి ఒక గెల పైకెత్తి కింది అత్తం (కాయల వరస) తిప్పి చూశాడు. కాయల అంచుల దగ్గర నీరు పట్టినట్టు మచ్చలు. "ఇయ్యి రేపటికి నల్లబడతాయండి. పై రాష్ట్రం వెళ్లేసరికి బొగ్గే" అని గెలకి ఇరవై రూపాయలు కోశాడు. 2,200 పోయాయి. రైతు నా మొహం చూశాడు, నేను బండి మొహం చూశాను. తోటలో బాగున్న కాయ యార్డులో కమిలిందంటే తప్పు దార్లోనే జరిగి ఉండాలి కదా. సగం నష్టం నేనే పెట్టుకున్నాను.

వర్క్‌షాపులో కుర్ర మేస్త్రి వెనక చక్రం దగ్గర వంగి చూసి, "షాకబ్జర్లు పోయాయి బాబాయ్ గారూ" అన్నాడు. పుస్తకాల్లో షాక్ అబ్జార్బర్ అని ఉంటుంది, మా నోట్లో షాకబ్జర్ అయిపోయింది, తొందరలో ఉంటే షాకు. స్పేర్ పార్ట్స్ కొట్టుకి వెళ్తే ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "మామూలువా, హెవీ డ్యూటీవా?" లోడు బండివాడు మామూలువి ఇమ్మంటాడా? పెళ్లి భోజనంలో గరిటె పట్టుకుని "ఇంకొంచెం వడ్డించనా" అంటే చాలనేవాళ్లు ఎంతమంది? జత 2,400 అన్నాడు. బిల్లు వద్దంటే 2,100. నేను బిల్లు వద్దన్నాను. నా తెలివి మీరూ చూడండి.

కొత్త షాకులతో లోడు మీద వెళ్లినప్పుడు బాగానే ఉన్నట్టు అనిపించింది. బండి బిగుసుగా, రాజసంగా నడిచింది. తిరుగు ప్రయాణంలో, ఖాళీ బండితో కాలువ గట్టు ఎక్కాక తెలిసింది సంగతి. రోట్లో రోకలి ఎగిరి పడినట్టు వెనక భాగం ఎగిరెగిరి పడింది. సీటు పక్కన పెట్టుకున్న క్యారియర్ మూత ఊడి సాంబారు గేరు రాడ్డు మీదికి వచ్చింది. తడి మట్టి మీద ఒక మలుపులో వెనక చక్రాలు నేలని వదిలి పక్కకి జరిగాయి కూడా. ఆ గట్టుకి ఒకవైపు కాలువ, ఒకవైపు చేను. ఆ రోజు టెన్షన్ ఇప్పుడు తలచుకున్నా చేతులు చల్లబడతాయి.

ఆ గట్టు రోడ్ల గురించి ఒక మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాటన్ దొర కాలువలు పారినప్పుడు, తవ్విన మట్టినే పక్కన గట్టుగా పోశారు. దాని మీద అప్పుడు నడిచింది పడవలు లాగే మనుషులు, ఎడ్లబళ్లు. ఇవాళ దాని మీదే లోడు లారీలు, రొయ్యల బండ్లు, మా పికప్‌లు. అడుగున ఒండ్రు, రేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. పైన తారు ఎంత పోసినా ఏడాదికల్లా అల మీద అల వస్తుంది. 216 హైవే మీద రాజోలు దాకా వెళ్లొచ్చినా షాకులకి ఇంత చెమట పట్టదు. మాకు కావలసింది ఈ గట్టుని తట్టుకునే షాకులు. కంపెనీవాళ్లు చూపించే వీడియోల్లో బండి కొండలెక్కుతుంటుంది, మాకా కొండల్లేవు.

రెండు వారాలకి ఎడమవైపు షాకు కింది కన్ను, అంటే బోల్టు దూర్చి బిగించే రింగు, పగిలింది. వెల్డింగ్ పెట్టించాను. మళ్లీ పదిహేను రోజులకి అదే కన్ను, అదే చోట. ఈసారి ఇంకో కొట్టుకి వెళ్లాను. ఆయన "గ్యాస్‌వి వేసుకోండి గురువు గారూ, ఇప్పుడంతా గ్యాసే" అని మెరిసే డబ్బా తీశాడు. పేరున్న కంపెనీ స్టిక్కరు. జత 1,600. ఇంత చవకా అని అడగాల్సింది పోయి, ఎక్కడ రేటు పెంచేస్తాడో అని త్వరగా తెచ్చేసుకున్నాను.

వాటితో నేను వెళ్లింది ఈసారి కుర్ర మేస్త్రి దగ్గరికి కాదు. కాలువ వంతెన పక్కన ఒక పెద్దాయన ఉన్నారు, ఒకప్పుడు లారీ కమాన్లు కట్టిన చెయ్యి. డెబ్బై దాటాయి, ఇప్పుడు రోజుకి రెండు బండ్లకి మించి ముట్టుకోరు. ఆయన నా కొత్త గ్యాస్ షాకుకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ కత్తిరించి, నేల మీద నిలబెట్టి, కడ్డీని లోపలికి నొక్కి చెయ్యి తీసేశారు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కడ్డీ నొక్కిన చోటే ఉంది.

"ఇందులో గ్యాస్ ఉంటే అది నెమ్మదిగానైనా పైకి రావాలి అబ్బాయ్. నూనె షాకు అయితేనే పెట్టిన చోట ఉంటుంది. నీకు స్టిక్కరు అమ్మాడు" అన్నారు.

అప్పుడు సీటు వెనక పడి ఉన్న మొట్టమొదటి జత తెమ్మన్నారు. పాత ఇనప కొట్టుకి వేద్దామని ఉంచినవి, రొయ్యల కాలం నాటివి. ఒకటి నిలబెట్టి నన్నే లాగమన్నారు. జామకాయ కోసం కొమ్మ వంచేంత బలం కూడా పట్టలేదు. కడ్డీ పైకి వచ్చింది, వదిలితే జర్రున దిగిపోయింది. తర్వాత బొటనవేలి గోటితో కడ్డీ మీద నిలువునా గీయమన్నారు. కొత్త షాకు కడ్డీ మీద గోరు నూనె రాసిన అద్దం మీద జారినట్టు జారింది. పాతదాని మీద నాలుగైదు చోట్ల తట్టుకుంది. వెలుతురుకి తిప్పి చూస్తే ఆవగింజల్లో సగం ఉండే గుంటలు, గుంట అడుగున ఎర్రటి తుప్పు. రొయ్యల ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు ఏళ్ల తరబడి ఆ కడ్డీ మీద పడ్డాయి. పైనున్న మెరుపు పూత తిని లోపలికి దిగాయి. ఆ గరుకు కడ్డీ గుంతకి ఒకసారి చొప్పున సీలు లోంచి పైకీ కిందికీ వెళ్తుంటే సీలు ఎన్నాళ్లు ఉంటుంది? గరుకు కాగితంతో రుద్దినట్టే. సీలు పోతే నూనె పోతుంది, నూనె పోతే షాకు ఉత్త గొట్టం. రొయ్యలు, చేపలు తోలే బండ్లవాళ్లు వారానికి ఒకసారి కింద మంచి నీళ్లతో కడగాలని ఆయన చెప్పింది అందుకే. అలా తుప్పు తిన్నవాటికే మళ్లీ నూనె పోసి, వెల్డింగ్ కొట్టి, నల్ల రంగు వేసి సగం ధరకి అమ్ముతారు. అవి మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. నేను ఇన్నేళ్లు బండి నడిపి కూడా తప్పుగా అనుకున్నది. షాకు బరువు మొయ్యదు. బరువు మోసేది కమాను. గుంతలో పడినప్పుడు కమాను ఒంగుతుంది, ఒంగింది తిరిగి లేస్తుంది, లేచింది మళ్లీ ఒంగుతుంది, అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాకు. ఉయ్యాల ఊగుతుంటే పక్కన కూర్చున్న అమ్మమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి మెల్లగా ఆపినట్టు. లోపల ఉన్నదల్లా నూనె, ఒక పిస్టను, దానికి సన్నటి దారులు. నూనె ఆ దారుల్లోంచి కష్టపడి వెళ్తుంది, ఊపు బలమంతా వేడిగా మారిపోతుంది. మంచి షాకుని చేత్తో నొక్కి, లాగి చూస్తే లాగడమే ఎక్కువ కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఒంగిన కమాను ఎగిరి లేవకుండా పట్టుకోవడమే దాని పెద్ద పని.

మరి గట్టి షాకు వేస్తే ఎక్కువ లోడు మోస్తుందా? ఒక్క గెల కూడా ఎక్కువ మొయ్యదు. పైగా ఖాళీ బండికి కమాను మీద బరువు లేదు, షాకు మాత్రం బిగుసుకుని కూర్చుంటుంది, దాంతో చక్రం గుంతలోకి దిగడానికే ఆలస్యం చేస్తుంది. నేల ఒకచోట, చక్రం ఒకచోట. నాకు మలుపులో జరిగింది అదే. వరస గుంతల్లో అయితే కమాను ఒకదాని నుంచి పూర్తిగా లేవకముందే రెండోది వస్తుంది, బండి కిందికి కిందికి కూర్చుని చివరికి రబ్బరు స్టాపర్ మీద దబ్బుమని కొడుతుంది. ఆ దెబ్బలే పైన ఉన్న చక్కెరకేళి తింటుంది.

మరి ఆ కన్ను రెండుసార్లు ఒకేచోట ఎందుకు పగిలింది? పెద్దాయన షాకుల సంగతి పక్కన పెట్టి కమాను కట్ట దగ్గర కూర్చుని పట్టీలు లెక్కపెట్టారు. ఆరు ఉండాల్సిన చోట ఏడు. ఒక పట్టీ రంగు వేరు, అంచు కోత వేరు. రొయ్యలాయన ఎక్కువ ట్రేలు వేయడానికి రెండు వైపులా ఒక్కో పట్టీ ఎక్కించాడు. నేను ఆరేళ్లు దాని మీదే తిరిగాను, కార్తీకంలో నూట పది వేయగలుగుతున్నానంటే నా బండి గొప్పదనం అనుకున్నాను.

టేపు తీశారు. వెనక షాకు పూర్తిగా సాగితే కన్ను నుంచి కన్నుకి 21 అంగుళాలు, పూర్తిగా మూస్తే 13. అంటే ఆడడానికి 8 అంగుళాలు. ఖాళీ బండి నేల మీద నిలబడి ఉండగా కొలిస్తే 20 అంగుళాల పావు. అదనపు పట్టీ బండిని రెండు అంగుళాలు పైకెత్తడంతో, నిలబడి ఉన్నప్పుడే షాకు దాదాపు పూర్తిగా సాగి ఉంది. చక్రం గుంతలోకి దిగడానికి మిగిలింది ముప్పావు అంగుళం. గుంత ముప్పావు అంగుళమే ఉంటుందా మన దగ్గర? చక్రం దిగుతుంది, షాకు సాగడం అయిపోతుంది, చక్రం ఇరుసు బరువంతా కన్ను మీద వేలాడుతూ లాగుతుంది. ప్రతి గుంతకీ. ఏ కంపెనీది వేసినా, ఎంత గట్టిది వేసినా ఆ కన్ను పగలాల్సిందే. నేను పాపం ఆ షాకులని తిట్టుకున్నాను.

ఖాళీ బండికి షాకు ఆటలో మూడో వంతైనా కిందికి మిగలాలనేది పెద్దాయన లెక్క. మిగిలినది లోడు పడ్డాక ఒంగడానికి. అదనపు పట్టీలు తీయించి, కమానుని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవి వేసి, మళ్లీ కొలిచాం. 18 అంగుళాల పావు. సరిపోయింది. దీనికి ఉల్టా కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి మోసి కమాను చదునైపోయిన బండ్లలో షాకు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, లోడు పడగానే అడుగు తగిలి పగులుతుంది. అలాంటివాళ్లు ముందు కమాను బట్టీకి పంపి ఒంపు తెప్పించుకోవాలి, షాకులు ఆ తర్వాత. అందుకే చెబుతున్నాను, పాత బండికి షాకులు కొనడానికి కొట్టుకి వెళ్లేముందు బండి కింద దూరి కమాను పట్టీలు లెక్కపెట్టండి, టేపు పెట్టి ఆ మూడు కొలతలూ కాగితం మీద రాసుకోండి. పెట్టాల్సిన ఖర్చు ఏమీ లేదు, చొక్కా ఒక్కటి మాస్తుంది.

పట్టీలు తీసేశాక నాకో నష్టం వచ్చింది, దాచను. ఇప్పుడు తొంభై గెలలకి మించి వేయడం లేదు. నూట పది వేసిన రోజున రెండు ట్రిప్పులకి అయ్యేది ఇప్పుడు ఒక్కోసారి మూడో ట్రిప్పు పడుతోంది. డీజిల్ ఎక్కువే. కానీ యార్డులో కోత లేదు, ఆ 2,200 లాంటివి లేవు. లెక్క చూసుకుంటే మిగులు ఇటే ఉంది. మా అబ్బాయి మాత్రం ఒప్పుకోడు, వాడి లెక్క వాడిది.

షాకులు చివరికి ఏవి వేశానంటే, బండి కంపెనీ ఈ మోడల్‌కి చెప్పిన పార్టు నంబరువే. వెనక మామూలు నూనెవి, ముందు తక్కువ ఒత్తిడి గ్యాస్‌వి. గ్యాస్ గురించి చాలామందికి భ్రమ ఉంది, గాలి దిండులా బండిని ఎత్తుతుందని. నూనె షాకు వరస గుంతల్లో ఆపకుండా ఆడితే లోపల నూనె, గాలి కలిసి మజ్జిగ చిలికినట్టు నురగ వస్తుంది. నురగకి పట్టు ఉండదు, షాకు ఆ కాసేపు మెత్తబడిపోతుంది. నైట్రోజన్ గ్యాసు ఒత్తిడి ఆ నురగని అణచిపెడుతుంది. ఆపకుండా దూరాలు తిరిగే బండికి, స్పీడు మీద వెళ్లే బండికి అది నిజంగా పనికొస్తుంది. నేను గట్టు మీద పాతిక దాటను, పది కిలోమీటర్లకి ఒకసారి ఎవరో ఒకరు గేదెలు తోలుకొస్తూ ఆపేస్తారు. నా వెనక చక్రాలకి నూనెవి చాలు. ఆ మిగిలిన డబ్బుతో కన్నుల్లో ఉండే రబ్బరు బుష్‌లు, కమాను చివర బిగించే షాకిల్ పిన్నులు అన్నీ కొత్తవి వేయించాను. బుష్ అరిగిపోయిన బండికి బంగారు షాకులు వేసినా టకటక పోదు. అన్నట్టు ఒక్క షాకు పోయినా రెండు వైపులా మార్చాలి. ఒకవైపు కొత్త పట్టు, ఒకవైపు పాత పట్టు ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి తూలుతుంది.

బిగించేటప్పుడు పెద్దాయన చేసిన రెండు పనులు కుర్ర మేస్త్రులు చేయగా నేను చూడలేదు. కొట్టులో నెలల తరబడి పడుకోబెట్టిన షాకులో గాలి ఉండకూడని చోటికి చేరుతుందట. అందుకని ఒక్కోదాన్ని నిలువుగా పెట్టి, పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కి, అలా అయిదారుసార్లు ఆడించారు. మొదటి రెండుసార్లు మధ్యలో గుటుకుమన్నట్టు ఖాళీ తగిలింది, నాలుగోసారికి ఒకే తీరుగా వచ్చింది. రెండోది, జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా కన్ను బోల్టులు చివరిదాకా బిగించలేదు. బండి దింపి, బరువు చక్రాల మీద పడ్డాక కింద దూరి బిగించారు. వేలాడుతున్నప్పుడే బిగిస్తే బండి దిగగానే లోపలి రబ్బరు మెలి తిరిగిపోయి, ఎప్పుడూ ఆ మెలితోనే ఉండి తొందరగా చీలుతుంది. నా హెవీ డ్యూటీ షాకుల బుష్‌లు నెల తిరగకుండా చీలడంలో ఈ పుణ్యం కూడా ఉండే ఉంటుంది.

షాకు పోయిందో లేదో తెలుసుకోవడానికి అందరూ బండి మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో చూస్తారు. కార్లకి బాగానే పని చేస్తుంది. పట్టీ కమాన్ల లోడు బండి మనిషి నొక్కితే కదలదు, కదిలినా పట్టీల రాపిడికే ఆగిపోతుంది. దానికంటే ఇది చేయండి. గట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు వచ్చాక బండి ఆపి, సైలెన్సర్‌కి తగలకుండా జాగ్రత్తగా, అరచేతి వెనక భాగంతో నాలుగు షాకులూ తాకి చూడండి. పని చేసే షాకు వెచ్చగా ఉంటుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది చచ్చిపోయిందన్నమాట. మనుషులకైనా అంతే కదా. ఇక షాకు మీద పల్చటి నూనె జిడ్డు, దానికి దుమ్ము అంటుకుని ఉంటే కంగారు పడకండి, అది మామూలే. నూనె ధారగా దిగి కింద చుక్క నిలిస్తే మార్చాల్సిందే. టైరు మీద చెయ్యి పెట్టి రుద్దితే అలలు అలలుగా తగిలినా అనుమానించాలి.

బిల్లు సంగతికి వస్తాను. నకిలీ గ్యాస్ జత వెనక్కి పట్టుకెళ్తే కొట్టాయన "మా దగ్గర కొన్నట్టు రుజువేంటండీ" అన్నాడు. నా దగ్గర లేదు. మా మేనల్లుడు కోర్టు పని చూస్తాడు, వాడు చెప్పాడు. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం ఇంకొకరి గుర్తు దొంగగా వేసి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయట. వినియోగదారుల ఫిర్యాదుకి 1915 నంబరుకి ఫోన్ చేస్తే చాలట. అన్నీ ఉన్నాయి, నా దగ్గర బిల్లు కాగితం తప్ప. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి విడిభాగాలకి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. కాబట్టి బిల్లు లేకుండా మిగిలేది కూడా ఇప్పుడు తక్కువే.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ నెల రాగానే మా వాళ్లు చాలామంది చేసే మొదటి పని కారుతున్న షాకు తుడిచి నల్ల పెయింట్ వేయడం. నేనూ ఒక ఏడాది వేశాను. పెయింట్ డబ్బా, బ్రష్షు కలిపి 180 అయ్యాయి. ఆ పెయింట్ ఆరకముందే మళ్లీ నూనె దాని మీదుగా దిగింది.

మీ పత్రిక ద్వారా స్పేర్ పార్ట్స్ కొట్లవారిని ఒకటి అడుగుతున్నాను. కౌంటరు మీద ఒక టేపు ఉంచండి. "మామూలువా, హెవీ డ్యూటీవా" అని అడిగేముందు "ఖాళీగా ఎంత దూరం తిరుగుతావు, లోడుతో ఎంత, కమాను మార్చావా" అని అడగండి. బిల్లు మీద పార్టు నంబరు రాయండి. మీ సరుకు మంచిదైతే దానివల్ల మీకు పోయేదేమీ లేదు. మేస్త్రులు కూడా విప్పిన పాత షాకులు బండివాడి చేతికే ఇవ్వాలి. నా మొదటి జత సీటు వెనక ఉండబట్టే కదా నాకు అసలు రోగం తెలిసింది.

ఇప్పటికి కొత్తవి వేసి నాలుగు నెలలు. శ్రావణానికి గెలల సీజను మళ్లీ మొదలవుతుంది, అప్పుడు తెలుస్తుంది వీటి సంగతి. ఆ హెవీ డ్యూటీ జతని మా ఆవిడ పాకలో దూలానికి మేకులు కొట్టించి వేలాడదీసింది. ఒకదానికి పాల క్యాను, ఇంకోదానికి దాణా బస్తా తగిలిస్తోంది. అక్కడ మాత్రం బరువు బాగానే మోస్తున్నాయి.

ఇట్లు,
ఒక పికప్ బండి యజమాని, డ్రైవరు కూడా,
కొత్తపేట మండలం, కోనసీమ.